నీ వాటా నీ పేరుతో నిలబడాలి

హైదరాబాద్,
మార్చి 2025

చిరంజీవి అమ్మలుకి,

మొదటి సెమిస్టర్ పరీక్షలు గట్టెక్కాయనీ, ఏప్రిల్‌లో మొదలయ్యే రెండో సెమిస్టర్‌లో నలుగురు కలిసి చేసే గ్రూప్ ప్రాజెక్టు ఒకటి ఉందనీ, ఏడాది చివర ‘జట్టులో ఎలా పనిచేశాను, ఎంత ఎదిగాను’ అని ఒక నివేదిక కూడా రాసివ్వాలనీ రాశావు. ఏం రాయాలో తోచడం లేదనీ, ‘అందరం కలిసి బాగానే చేశాం’ అంతకన్నా చెప్పడానికేముందనీ అడిగావు. ఈ ఉత్తరం ఆ ప్రశ్నకు జవాబు. ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటే ఏడాది చదువు చేతిలోంచి జారిపోతుందని నా భయం. ఆ వాక్యంలో జట్టు ఉంది, నువ్వు లేవు. నేను చెప్పదలచింది ఒక్కటే: జట్టులో నీ వాటా ఎంతో, ఏదో నీకూ, తోటివాళ్ళకూ, మార్కులు వేసేవాళ్ళకూ విడిగా కనిపించాలి. కనిపించేటట్టు పనిచేయడం అలవాటు చేసుకుంటే చాలు, ఎదుగుదల దాని వెంటే వస్తుంది. ఇది స్వార్థంలా వినిపిస్తుందని నాకు తెలుసు. జట్టుకు కూడా ఇదే మేలని నా నమ్మకం. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి తీసిన లెక్కలను 1913లో ప్రచురించాడు. విడివిడిగా లాగినప్పటి బలాలను కూడితే ఎంత రావాలో, ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు అందులో దాదాపు సగమే వచ్చింది. అందరూ ఒక్క ఊపున లాగలేకపోవడం వల్ల కొంత బలం వృథా అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆ అనుమానం తీర్చడానికి 1974లో అమెరికాలో ఇంకో ప్రయోగం చేశారు. మనిషి కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మించి, నిజానికి అతనొక్కడి చేతే లాగించారు. అయినా అతని బలం తగ్గింది. పక్కన మనుషులున్నారన్న నమ్మకమే చేయి సడలించింది. 1981లో విలియమ్స్, హార్కిన్స్, లటానే అనే ముగ్గురు ఒక మెట్టు ముందుకు వెళ్ళారు. గట్టిగా అరవమని చెప్పి, ఎవరి గొంతు ఎంతో విడిగా కొలుస్తున్నామన్నప్పుడు గుంపులో ఉన్నా ఎవరూ తగ్గలేదు. విడిగా ఎప్పుడూ తెలియదన్నప్పుడు ఒంటరిగా ఉన్నా పూర్తి గొంతు విప్పలేదు. ఇందులో నీకు పనికొచ్చే సంగతి ఇది: జట్టులో పని తగ్గడానికి మనుషులు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. ఎవరి వాటా ఎంతో తెలియకపోతే మంచివాళ్ళ చేయి కూడా వాళ్ళకే తెలియకుండా సడలుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని కనిపెట్టింది నువ్వున్న జర్మనీలోనే. 1920లలో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్బు సభ్యుల చేత బరువులెత్తించాడు. ఒంటరిగా 41 కిలోల కడ్డీని, ఇద్దరు కలిసినప్పుడు 82 కిలోల కడ్డీని, ఇక చేతకాదనేంత వరకు ఎత్తి దించాలి. జోడీలో ఒకరు చేతులెత్తేస్తే రెండోవారు ఒక్కరే దాన్ని మోయలేరు. అప్పుడు బలహీనుడు తాను ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. అయితే ఇది ఇద్దరి మధ్య తేడా ఓ మాదిరిగా ఉన్నప్పుడే జరిగింది. ఇద్దరూ సరిసమానులైనా, హస్తిమశకాంతరం ఉన్నా ఆ లాభం కనిపించలేదు. తాడు దగ్గర మనిషిని తగ్గించినదీ జట్టే, కడ్డీ దగ్గర పెంచినదీ జట్టే. తాడు లాగేటప్పుడు ఒకడు తగ్గినా ఎవరికీ తెలియదు. కడ్డీ ఎత్తేటప్పుడు ఒకడు ఆగితే పని మొత్తం ఆగిపోతుంది, ఆ సంగతి అక్కడికక్కడే తెలుస్తుంది. నీ ప్రాజెక్టు ఈ రెండింటిలో ఏ రకం కావాలో మొదటి సమావేశంలోనే మీరు నలుగురూ తేల్చుకోవచ్చు.

నువ్వు చదివే చోట నియమాలు కూడా ఈ దారికే అనుకూలం. మీ పరీక్షా నియమావళి, అక్కడివాళ్ళు ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్ అనేది, ఒకసారి తీసి చదువు. గ్రూప్‌గా రాసిన పనికి మార్కులు వేయాలంటే ఒక్కొక్కరి భాగం విడిగా గుర్తుపట్టేలా, విడిగా దిద్దగలిగేలా ఉండాలని జర్మనీలో చాలా యూనివర్సిటీల నియమావళుల్లో ఉంటుంది. ఏ అధ్యాయం ఎవరిది, ఏ పేజీలు ఎవరు రాశారు అన్నది స్పష్టంగా చెప్పాలి. చివర ‘ఇది నేను సొంతంగా చేసిన పని’ అని సంతకం పెట్టిన హామీ పత్రం జతచేయాలి. ఇలా ఎవరి వాటా విడిగా చూపడం నువ్వు చదివే వ్యాపార శాస్త్ర స్వభావంలోనే ఉంది. జర్మనీలో వ్యాపార శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్ పాఠాలు చెప్పింది నువ్వున్న కొలోన్‌లోనే. పెద్ద కంపెనీలో ఏ విభాగం ఎంత ఖర్చు చేసి ఎంత తెస్తోందో విడిగా తెలియాలన్నది ఆయన జీవితమంతా పనిచేసిన విషయాల్లో ఒకటి. కంపెనీ విభాగాల గురించి పుస్తకంలో చదివేది నలుగురు విద్యార్థుల జట్టుకు వర్తించదని ఎందుకనుకోవాలి?

‘స్నేహితుల మధ్య లెక్కలేంటి మామయ్యా, మనసులు విరిగిపోవా?’ అని నువ్వు అడుగుతావు. దీనికి జవాబు మన ఊళ్ళలోనే ఉంది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళను చూడు. పదిమందో పదిహేనుమందో ఒక వాడలోనివాళ్ళు, చాలామంది బంధువులు, పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసినవాళ్ళు. అయినా వాళ్ళు పాటించే పంచసూత్రాలు ఏమిటి? క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. గుండ్రంగా కూర్చుని, పేరు పిలిచి, ఎవరు ఎంత కట్టారో, ఎవరి వాయిదా మిగిలిందో అందరి ఎదుటా పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ పుస్తకం వల్ల సంఘం విరిగిపోదు. పుస్తకం సరిగ్గా రాయని సంఘంలోనే గుసగుసలు మొదలవుతాయి, గుసగుసల్లోంచి తగాదాలు పుడతాయి. ఇలా పొరుగువాళ్ళు ఒకరికొకరు జవాబుదారీగా ఉండే పద్ధతికీ, నీకు దగ్గరలోని ఒక ఊరికీ చుట్టరికం ఉంది. రైన్ నది వెంబడి కొలోన్ నుంచి ఎగువకు వెళితే నోయ్‌వీడ్ వస్తుంది. ఇప్పుడు అందులో కలిసిపోయిన హెడెస్‌డోర్ఫ్‌లో 1864లో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ పరపతి సంఘం పెట్టాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి యూరప్ గ్రామీణ పరపతిని అధ్యయనం చేసి, 1895, 1897లలో ఇచ్చిన నివేదికల్లో రైఫైజెన్ బాటను గట్టిగా సిఫారసు చేశాడు. 1904లో దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అక్కడైనా ఇక్కడైనా సూత్రం ఒకటే: ఎవరి బాధ్యత ఎంతో రాసి ఉన్నచోటే నమ్మకం నిలుస్తుంది.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. జట్టులో కొన్ని మేళ్ళు లెక్కకు అందవు. మాట తూలిన ఇద్దరిని కలపడం, ఎవరూ అడగని ప్రశ్న అడగడం, అర్థం కానివాళ్ళ పక్కన గంట కూర్చుని వివరించడం వంటివి ఏ పేజీ నంబరుకూ ఎక్కవు. పేజీలు మాత్రమే లెక్కపెడితే ఇవన్నీ చేసేవాళ్ళకు అన్యాయం జరుగుతుంది. ఈ మాట నిజమే, ఒప్పుకుంటాను. అందుకే లెక్కను పేజీల దగ్గర ఆపొద్దంటున్నాను. ప్రతి సమావేశానికీ మినిట్స్ రాయండి, అక్కడ ప్రోటోకోల్ అంటారు కదా, అదే. అరపేజీ చాలు. మూడు గడులు ఉండాలి: పని ఏది, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. ‘అధ్యాయాల మధ్య పొంతన చూడటం’, ‘ప్రాజెక్టు పర్యవేక్షకురాలితో మాట్లాడటం’, ‘బ్రేక్ ఈవెన్ లెక్క అందరికీ వివరించడం’ కూడా పనులే. వాటికీ ఒక వరుస, ఒక పేరు, ఒక తేదీ ఇవ్వండి. రాసి పెట్టకపోతే అవి చేసేవాళ్ళ శ్రమ ఎవరి కంటా పడదు. అలా కంటబడకుండా పోయేది ఎక్కువగా నోరు మెదపని ఆడపిల్లల పనే అని నా భయం.

‘నా జర్మన్ అంతంతమాత్రం, నా వాటా విడిగా కనిపిస్తే నా లోటే ముందు బయటపడుతుంది’ అన్న బెరుకు నీలో ఉంది. మనవాళ్ళు చాలామంది ఈ బెరుకుతోనే ‘స్లైడ్లు నేను చేస్తాను’ అని ముందే చెప్పేస్తారు. స్లైడ్లు చేసినవాళ్ళను ఎవరూ ప్రశ్న అడగరు. ప్రశ్న రానిచోట తప్పు దొరకదు, చదువూ అంటదు. నువ్వు మార్కెట్ అంచనా తీసుకో, లేదా ఖర్చుల లెక్క తీసుకో. నీకు ఇప్పుడు వచ్చినదానికంటే కాస్త కష్టమైన భాగం కావాలి, మరీ తలకు మించినది వద్దు. కోలర్ ప్రయోగంలో లాభం వచ్చింది ఆ ఓ మాదిరి తేడా దగ్గరే. ఇక లోటు బయటపడటం గురించి: అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1996లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద రాసిన వ్యాసంలో ఒక ఆశ్చర్యకరమైన సంగతి ఉంది. బాగా కలిసి పనిచేసే బృందాల్లో నమోదైన పొరపాట్లే ఎక్కువ. పొరపాటును దాచకుండా చెప్పుకోగలిగారు కాబట్టి లెక్క పెరిగిందని ఆమె వివరించింది. మీ జట్టులో ‘ఈ పట్టిక నాకు అర్థం కాలేదు’ అన్న మాట మొదట అనేది నువ్వే అయితే మిగతా ముగ్గురికీ దారి ఇచ్చినదానివి అవుతావు.

‘మన తెలుగువాళ్ళతోనే గ్రూపు కట్టేస్తే సరిపోదా, మాట తేలిక, మార్కులూ వస్తాయి’ అనే ఆలోచన కూడా నీకు రాకుండా ఉండదు. 2023–24 శీతాకాల సెమిస్టర్ నాటికి జర్మన్ విశ్వవిద్యాలయాల్లో చదివే భారతీయులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో మన దేశంవాళ్ళే అందరికన్నా ఎక్కువ. కాబట్టి మనవాళ్ళతోనే తిరిగి చదువు ముగించడం ఇప్పుడు సాధ్యమే. క్రిస్టఫర్ ఎర్లీ అనే పరిశోధకుడు 1993లో చైనా, ఇజ్రాయెల్, అమెరికా మేనేజర్లను పోల్చి చూశాడు. సమష్టి భావన ఎక్కువగా ఉన్నవాళ్ళు తమవాళ్ళనుకున్న గుంపులో బాగా చేశారు, పరాయివాళ్ళనుకున్న గుంపులోనూ, ఒంటరిగానూ అంతగా చేయలేదు. మనమూ అలాంటి సమాజంలోంచే వచ్చాం. అయినవాళ్ళ కోసం ప్రాణం పెడతాం, పరిచయం లేనివాళ్ళ దగ్గర కాస్త వెనకడుగు వేస్తాం. రేపు నీ ఉద్యోగం నువ్వు ఎంచుకోని మనుషుల మధ్యే ఉంటుంది. ఆ వెనకడుగు మానుకోవడానికి ఈ మొదటి ఏడాది కంటే చవకైన అవకాశం దొరకదు. మనవాళ్ళను వదిలేయమనడం లేదు. ఆదివారం వంట వాళ్ళతో చేసుకో, ప్రాజెక్టు మాత్రం వేరేవాళ్ళతో చేయి.

ఒకరు పని ఎగ్గొడితే ఏం చేయాలన్నది మిగిలింది. వాళ్ళ భాగం కూడా నువ్వే రాత్రంతా కూర్చుని చేసి, తర్వాత మనసులో కుమిలిపోకు. అలా చేస్తే వాళ్ళకు పని రాదు, నీకు స్నేహమూ మిగలదు. తేదీ దాటిన మర్నాడే ఆ మనిషితో నేరుగా, మర్యాదగా మాట్లాడు. ఇంట్లో ఇబ్బందో, అనారోగ్యమో, పార్ట్ టైమ్ పని ఒత్తిడో ఉండవచ్చు. ఉంటే పని తిరిగి పంచుకోండి, ఆ మార్పు మినిట్స్‌లో రాయండి. అప్పటికీ కదలిక లేకపోతే సమావేశంలో అందరి ఎదుట ఎత్తు, ఆ తర్వాతే పాఠం చెప్పేవాళ్ళ దగ్గరకు వెళ్ళు. ఇది చాడీ చెప్పడం అనుకోకు. చాడీ వెనకాల చెప్పేది. ఇది రాసి ఉన్నదాన్ని ముందు పెట్టి అడిగేది. అదే న్యాయం నీకూ వర్తిస్తుంది. నువ్వు చెప్పిన తేదీకి ఇవ్వలేనని తెలిసిన రోజే చెప్పాలి, గడువు నాడు కాదు.

దీనికంతా సమయమెక్కడిదంటావా? జర్మనీలో ఒక క్రెడిట్‌కు సాధారణంగా 30 గంటల శ్రమ అని లెక్క. ఆరు క్రెడిట్ల ప్రాజెక్టు అంటే 180 గంటలు, నలుగురివీ కలిపితే 720. వారానికో అరపేజీ మినిట్స్ అందులో లెక్కలోకే రాదు. ఆ అరపేజీ లేకపోవడం వల్ల ఒకే పని ఇద్దరు చేయడం, ఒక పని ఎవరూ చేయకపోవడం మాత్రం గంటలకు గంటలు మింగేస్తాయి.

ఇప్పుడు నీ నివేదిక సంగతికి వద్దాం. ‘నాయకత్వ లక్షణాలు పెరిగాయి, సహకారం విలువ తెలిసింది’ వంటి మాటలు రాయకు. అవి అందరూ రాస్తారు, ఎవరికీ ఏమీ చెప్పవు. మినిట్స్ ముందు పెట్టుకుని నాలుగు సంగతులు రాయి: నేను ఏం చేస్తానన్నాను, ఏం ఇచ్చాను, తేడా ఎందుకు వచ్చింది, రెండోసారి ఆ తేడా తగ్గిందా. తగ్గితే అది ఎదుగుదల, రుజువుతో సహా ఉంది. తగ్గకపోతే కారణం రాయి, నిజాయితీగా రాసిన కారణానికీ విలువుంది. మొదటి సమావేశం అయ్యాక ఆ అరపేజీ మినిట్స్ నాకు పంపు. నీ పేరు ఎదురుగా ఉన్న పని నిన్ను కాస్త భయపెట్టేదిగా ఉండాలని నా కోరిక. ఆ భయాన్ని మోయగల పిల్లవే నువ్వు, ఆ విషయంలో నాకే సందేహమూ లేదు.

అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది. వేళకు తిని, వేళకు పడుకో.

ఆశీస్సులతో,
నీ మామయ్య