కుపర్టినోకు తరలదలచిన మేనకోడలికి



నీ ఉత్తరమును మీ అత్తయ్యయు నేనును చదువుకొంటిమి. మౌంటెన్ హౌస్‌లోని యింటిని అద్దెకిచ్చి, కుపర్టినోలో ఇల్లు కొని, పెద్దదానికి ఆరవ తరగతి ప్రారంభమగు నాటికి ఆ ఊరి బడిలో చేర్పవలయునని మీ దంపతులకు కలిగిన సంకల్పము అకారణమైనది కాదు. తెల్లవారకమునుపే లేచి, ఆల్టమాంట్ కనుమ మీదుగా 580వ రహదారిపై కారు నడుపుకొనుచు ఉద్యోగమునకు పోయి, పిల్లలు నిద్రకు ఉపక్రమించు వేళకు గాని ఇల్లు చేరని అల్లునికి, కార్యాలయమునకు పావుగంట దూరమున కాపురముండుట ఎంతటి ఊరటయో నేనెఱుగుదును. ఆ ఒక్క కారణము చేతనే మీరు ఇటువైపునకు రావలయునని నేనును కోరుచున్నాను. అయితే ఇటువైపునకు వచ్చుట వేఱు, ఆ ఊరిలో ఇల్లు కొనుట వేఱు. ఈ రెంటిని నీవు ఒక్కటిగా కలిపి అడిగినావు గనుక, విడదీసి చెప్పవలసి వచ్చినది.

ఊరిని గూర్చి నాకు చెడ్డ అభిప్రాయమేమియు లేదు. ఒకప్పుడు ఆప్రికాట్, ప్లమ్ తోటలతో నిండియుండిన ఆ ప్రదేశము, పొరుగున విస్తరించుచున్న శాన్ హోసేలో కలిసిపోవుట కిష్టపడక 1955లో ప్రత్యేక నగరముగా ఏర్పడినది. 2020 జనగణన నాటికి దాని జనసంఖ్య 60,381 మాత్రమే. సొంత పోలీసు బలగమైనను లేక కౌంటీ షెరీఫు సేవలను ఒప్పందముపై పొందుచున్న ఆ చిన్న నగరమునందే ఆపిల్ సంస్థ వారి వలయాకార భవనమును, 1967 నుండి నడచుచున్న డి ఆంజా కళాశాలయు కలవు. సాయంకాలమున గ్రంథాలయమునకు పోయినచో, మన దేశము నుండి వచ్చిన తాతలు మనుమల పుస్తకముల సంచులు మోసికొని ప్రక్కన కూర్చుండుట చూతువు. చదువును అంత ప్రీతితో చూచుకొను ఊరియందు బిడ్డలను పెంచవలయునని తల్లికి అనిపించుట సహజము.

ఇఁక ఇంటి సంగతి. గత వసంతమున ఒక మిత్రుని కుమారునితో కూడ నేనచ్చట ఒక ఇల్లు చూడబోయితిని. ఒంటి అంతస్తు పాత కట్టడము. కిటికీలకు పలుచని ఒంటి అద్దములు. పెరటిలో వెనుకటి తోటకు గుర్తుగా మిగిలిన ముసలి ఆప్రికాట్ చెట్టొకటి. వచ్చినవారందఱును బూట్లపై నీలపు తొడుగులు వేసికొని గదినుండి గదికి మెల్లగా కదలుచుండిరి. హాలు గోడపై వాలుగా సాగిన పగులును చూచి ఒక యువతి ప్రశ్నింపగా, ఏజెంటు బల్లపైనున్న కాగితముల కట్టను చూపి, అన్నియు అందులో వ్రాసియున్నవనెను. అట్టి యింటి వెల నేఁడు ముప్పది లక్షల డాలర్లకు అటునిటుగా నున్నది. అందులో ఐదవ వంతు మీరు చెల్లించి, తక్కిన 24 లక్షలను వడ్డీ నూటికి 6 చొప్పున ముప్పదేండ్లకు అప్పు తీసికొన్నచో, నెలకు 14,000 డాలర్లకు పైగా కట్టవలసియుండును. దానిపై ఆస్తిపన్ను, బీమా. సాధారణ గృహబీమాలో భూకంప నష్టము చేరదు గనుక, దానికి వేఱు బీమా. పోటీలో గెలువవలయునన్న ఆత్రముచే అప్పు దొరకనిచో విరమించుకొను షరతుతో సహా షరతులన్నియు విడిచి సంతకము చేసి, పిదప బ్యాంకు అప్పు ఈయనిచో, బయానాగా కట్టిన నూటికి మూడు, అనగా 90,000 డాలర్లు, పోవచ్చును. షరతులు విడువనిదే ఇల్లు దక్కదని నీకు చెప్పువారు ఆ నష్టమును పంచుకొనరు.

1978లో కాలిఫోర్నియా ప్రజలు ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారము, ఆస్తిపన్ను కొన్న వెలపై నూటికి ఒకటి చొప్పున నిర్ణయింపబడి, ఆ వెల మదింపు ఏటికి నూటికి రెండునకు మించి పెరుగదు. కావున నీవు ఏటేట 30,000 డాలర్లు కట్టుచుండగా, నలువదేండ్ల క్రిందట కొన్న నీ ప్రక్కయింటి వృద్ధులు అందులో స్వల్పభాగమే కట్టుదురు. వారు ఇల్లు విడువరు, అమ్మకమునకు వచ్చు నిండ్లు కొలది, వచ్చినవి చిన్న వయసు దంపతుల కందవు. పిల్లలు గలవారి రాక తగ్గుటచే ఆ పాఠశాలల జిల్లాలో 2022లో ప్రాథమిక పాఠశాలలు మూతపడినవి. పాఠములు చెప్పు టీచర్లే ఆ ఊర కాపురముండలేక దూరమునుండి వచ్చిపోవుచున్నారు. దీనికి తోడు మీకింకను గ్రీన్ కార్డు రాలేదు. హెచ్-1బి వీసాపై నున్న అల్లుని ఉద్యోగము పోయినచో వేఱొకటి వెదకికొనుటకు గరిష్ఠముగా 60 దినములు గడువు. ముప్పదేండ్ల ఋణమును అట్టి గడువుపై నిలుపుట నా మనస్సు కొప్పదు.

అయినను, ధనమును గూర్చిన భయము నాకు రెండవది. మొదటిది పెద్దపిల్లను గూర్చినది. నిరుడు దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు నేను దగ్గరనుండి చూచితిని. ఆ బిడ్డ ఒక లెక్కను పట్టుకొన్నచో అరగంట సేపైనను దానితోనే యుండి, తన త్రోవను తాను కనుగొని సాధించును. ఎవరైనను తొందరపెట్టినచో పెన్సిలు క్రింద పెట్టివేయును. నెలకు ఇంత సొమ్ము పోసి బడికొఱకై యిల్లు కొన్న తలిదండ్రులు, ఆమెకు ఒక సబ్జెక్టులో బి వచ్చిననాఁడు ఏమియు అనకపోయినను, అన్నము వడ్డించునప్పటి మౌనములో ఆమె దానిని వినును. ఆ ఇంటి వెలను పిల్ల తన మార్కులతో తీర్పవలసినదిగా భావించుట మొదలిడిన పిమ్మట, ఎంతటి మంచి బడియు ఆమెకు మేలు చేయజాలదు. పైగా లోకము తలంచినంత లాభమును అందు లేదు: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఈ ఏర్పాటున చేరిన రాష్ట్రములోని ప్రతి ఉన్నత పాఠశాలనుండియు పై తొమ్మిది శాతములోని వారికి, చోటున్న ఏదో ఒక ప్రాంగణమునందు ప్రవేశమునకు హామీ యిచ్చుచున్నది, ఆ శ్రేణి ఆ బడి విద్యార్థులతో పోల్చియే నిర్ణయింపబడును. కుపర్టినోలోని మాంటా విస్టావంటి బడిలో ఆ తొమ్మిది శాతములో నిలుచుట ఎంత కష్టమో నీవూహింపగలవు.

కావున నా మాట ఇది. ఇల్లు కొనవలదు, అద్దెకు రండు, అదియును ఊరి సరిహద్దునకు కట్టువడక. పాఠశాలల జిల్లా హద్దులును నగరపు హద్దులును ఒకటి కావు. పేరుమోసిన లిన్‌బ్రూక్ ఉన్నత పాఠశాల యున్నదే శాన్ హోసేలో. పశ్చిమ శాన్ హోసేలోని అనేక వీధుల పిల్లలు కుపర్టినో వారి బడులకే పోవుచున్నారు. ఏ చిరునామా ఏ బడి క్రిందికి వచ్చునో జిల్లా కార్యాలయమువారి నడిగి, రూఢి చేసికొన్న తరువాతనే అద్దె పత్రముపై సంతకము చేయవలయును; ప్రకటనలోని మాట నమ్మరాదు. రెండేండ్లుండి చూడుడు. పిల్ల ముఖము తేటగా నున్నదా, అల్లుడు పగటి వెలుతురున ఇల్లు చేరుచున్నాడా, నీకు ఆ వీధిలో మాటాడుటకొక మనిషి దొరకినదా, ఇవి చూచుకొనుడు. పిల్లకు అచ్చటి వేగము సరిపడనిచో మఱియొక బడికి మారుట అద్దెయింటివారికి సులభము. ఉన్నత పాఠశాల ముగిసిన పిమ్మట డి ఆంజాలో రెండేండ్లు చదివి విశ్వవిద్యాలయమునకు పోవు మార్గమును ఆ ఊరివారే చిన్నచూపు చూతురు. అది గౌరవమైన మార్గమని పిల్లకు ఇప్పటినుండియే తెలియనిమ్ము.

మౌంటెన్ హౌస్ యింటిని మాత్రము మీరనుకొన్నట్లే అద్దెకిచ్చుకొనుడు, అమ్మవలదు. అల్లుని ఆదివారము సాయంకాలము తీరిక చేసికొని ఫోను చేయుమనుము. బ్యాంకువారిచ్చిన అంచనా కాగితమును అంతకుముందే నాకు పంపినచో, అంకెలు చూచుకొని కూర్చుందును.