సేవాయాత్ర – పరిశోధకుల చూపు

పుణ్యమూ పురుషార్థమూ ఒక్కసారే సిద్ధించాలనుకోవడం మానవసహజం. సెలవులలో దూరదేశానికి వెళ్ళి, కొన్ని వారాలపాటు పిల్లలకు చదువు చెప్పడమో, బడిగోడ కట్టడమో, అడవిలో మొక్కలు నాటడమో చేసి, ఆ దేశాన్ని కూడ చూసి రావడాన్ని ‘స్వచ్ఛంద సేవాపర్యాటకం’ అంటారు. సాధారణంగా ఖర్చులను, నిర్వాహక సంస్థ రుసుమును సేవ చేసేవారే భరిస్తారు.

ఈ విషయం వైపు విద్వాంసుల దృష్టిని మళ్ళించిన గ్రంథాన్ని ఆస్ట్రేలియా ఆచార్యుడు స్టీఫెన్ వేరింగ్ 2001లో వెలువరించాడు. కోస్టారికా వర్షారణ్యంలో పనిచేసిన యువతీయువకుల అనుభవాలు అందులో ముఖ్యమైన ఆధారం. సేవ వల్ల యాత్రికుని వ్యక్తిత్వం వికసిస్తుందని ఆయన ప్రతిపాదించాడు.

ఆ ఆశాభావం చిరకాలం నిలువలేదు. అభివృద్ధి అనే క్లిష్టవిషయాన్ని ఈ సంస్థలు మరీ తేలిక చేసి చూపుతున్నాయని 2004లో కేట్ సింప్సన్ ఆక్షేపించింది. స్థానికుల కోరికలను పట్టించుకోకపోవడం, పనిలో నాణ్యత లోపించడం, ఊరివారి ఉపాధికి భంగం కలగడం మొదలైన దోషాలను 2009లో డేనియల్ గటెన్‌టాగ్ చర్చించాడు. తాపీ పట్టడం తెలియని విద్యార్థి ఇటుకలు పేరుస్తూ ఉంటే, ఆ ఊరి మేస్త్రి చేతులు కట్టుకొని చూడవలసివస్తుంది కదా!

అన్నింటికన్న బాధాకరమైనది అనాథాశ్రమాల సంగతి. యాత్రికులు వస్తారు, ముద్దు చేస్తారు, వెళ్ళిపోతారు. మళ్ళీ కొత్తవారు వస్తారు. ఇలా అనుబంధం మాటిమాటికీ తెగిపోవడం పసిపిల్లలకు హానికరమని, ఆఫ్రికా దక్షిణప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని లిండా రిక్టర్, ఏమీ నార్మన్ 2010లో హెచ్చరించారు. మరుసటి ఏడు కంబోడియాలో వెలువడిన ఒక అధ్యయనం మరింత కలవరపరిచింది. ఆశ్రమాలలోని పిల్లలలో దాదాపు నాలుగింట మూడువంతుల మందికి తల్లిదండ్రులలో ఒకరైనా బ్రతికే ఉన్నారు! చూడవచ్చేవారు కానుకలిస్తున్నంతకాలం ‘అనాథల’కు గిరాకీ ఉంటుంది. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘమొకటి, అనాథాశ్రమాలకై పిల్లలను తరలించడాన్ని ఆధునిక బానిసత్వంలో భాగంగా చర్చించింది.

ఈ పరిశోధన ప్రశంసతో మొదలై, హెచ్చరికకు, ఆపైన సర్దుబాటుకు, చివరకు శాస్త్రీయదృష్టికి సాగుతున్నదని 2014లో నాన్సీ మెక్‌గీ విశ్లేషించింది. ఈ వింగడింపు సమంజసమే గాని, ఒక వెలితి మిగిలే ఉన్నది. ప్రశ్నావళులు ఎక్కువగా వెళ్ళినవారి చేతికే అందాయి. వారిని ప్రశ్నించడం సులభం. భాష తెలుసు, చిరునామా తెలుసు. ఆతిథ్యమిచ్చిన ఊరివారిని అడగాలంటే, వారి భాష నేర్చి, వారి నడుమ చాలాకాలం నివసించాలి. థాయిలాండ్‌లో మేరీ మొస్తఫానెజాద్ చేసినటువంటి క్షేత్రపరిశోధనలు తక్కువ. ఆశ్రమంలో పెరిగి పెద్దవాడైన బాలుడు ఆ యాత్రికులను గురించి ఏమనుకుంటున్నాడో నమోదు చేసిన అధ్యయనాలు మరీ తక్కువ.