బెర్నదెత్త అనే పేరుకు అర్థం

"మా పాపకు బెర్నదెత్త అని పేరు పెట్టాలనుకుంటున్నాం, ఆ ఫ్రెంచి పేరుకు అర్థమేమిటి?" అని పద్మారావు నగర్ నుండి ఒక కుటుంబం వారు అడిగారు. జ్ఞానస్నానానికి ముందే అడగడం సంతోషం.

ఫ్రెంచి వారిలో బెర్నార్ అనేది మగ పేరు. దాని స్త్రీ రూపం బెర్నార్ద్. మనం చిన్నమ్మ, చిట్టెమ్మ అన్నట్టు దాన్నే ముద్దుగా బెర్నదెత్ అన్నారు. మన నోట అది బెర్నదెత్తమ్మ అయింది. మూలం మాత్రం ప్రాచీన జర్మానిక్ భాషలది: 'బెర్న్' అంటే ఎలుగుబంటి, 'హార్డ్' అంటే గట్టి, ధైర్యంగల. పసిబిడ్డకు ఎలుగుబంటి పేరా అని అమ్మమ్మలు ముక్కున వేలేసుకోవచ్చు. నరసింహాన్ని పేరుపెట్టి పిలిచేటప్పుడు మనకు సింహం గుర్తొస్తోందా?

ఈ పేరును లోకానికి తెలిపింది లూర్దు నగరపు పేదింటి పిల్ల. 1844 జనవరి 7న పుట్టింది. జ్ఞానతల్లి అయిన పెద్దమ్మ బెర్నార్ద్ పేరు కలిపి మరి-బెర్నార్ద్ అని జ్ఞానస్నానమిచ్చారు. తండ్రి మర నడిపేవాడు. అది చేజారాక, ఒకప్పటి చెరసాల గది ఒక్కటే ఆరుగురికీ ఇల్లయింది. 1858లో మరియమాత పద్దెనిమిదిసార్లు దర్శనమిచ్చినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. ఉబ్బసం, చదువు రాదు, దివ్యసత్ప్రసాదం ఇంకా తీసుకోలేదు. ఆ పిల్లతో ఆ తల్లి వారి ఊరి యాసలో మాట్లాడింది, అదీ 'నువ్వు' అనక 'మీరు' అని! అంతవరకు ఎవరన్నారు ఆమెను మీరని?

పోలీసు అధికారి పిలిపించి, ఆమె మాటలనే మార్చి చదివి తికమక పెట్టబోయాడు. తాను అలా చెప్పలేదంటూ ఒక్కొక్కటీ సరిదిద్దింది. ధైర్యంగలది అనే అర్థం అక్కడ నిజమైంది. 1866లో నెవెర్ మఠంలో చేరింది, 1879 ఏప్రిల్ 16న మరణించింది, 1933లో పునీతురాలైంది. 1924లో గుణదల కొండ మీద వెలసిన లూర్దు మాత స్వరూపం ఆమె చూసినట్టు చెప్పిన రూపమే. మన లూర్దమ్మలు, లూర్దు మేరీలు, లూర్దయ్యలు ఆమెకు ఆ విధంగా బంధువులే.

పునీతుల పేరే పెట్టాలా అని కూడా వారు అడిగారు. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం తల్లిదండ్రులు వేరే పేరు కోరితే గురువు దానికి ఒక పునీతుల పేరు చేర్చవలసి ఉండేది. 1983 చట్టం 855వ సూత్రం క్రైస్తవ భావానికి పరాయిదైన పేరు పెట్టకుండా చూడమంటుంది, అంతే. కాబట్టి తెలుగు పేరూ పెట్టవచ్చు.

ఒక్క సంగతి. బెర్నదెత్త, బెర్నాడెట్, బెర్నదెత్ అని రకరకాలుగా రాస్తాం. జ్ఞానస్నానపు రిజిస్టరులోను, జనన ధృవీకరణ పత్రంలోను ఒకే విధంగా రాయించండి. లేకుంటే పెళ్లి కాగితాలప్పుడు తిరగవలసింది మీరే. పేరు పండుగ ఏప్రిల్ 16, ఫ్రాన్సులో ఫిబ్రవరి 18. ఏప్రిల్ తేదీ ఒక్కోసారి పవిత్ర వారంలో పడుతుంది. అలాంటి ఏడు పాయసం ఫిబ్రవరిలోనే వండుకోవచ్చు.