మూగవోయిన నోడు

అమెరికా దేశమున మెయిన్ రాష్ట్రపు తీరమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గ్రేట్ డక్ అను చిన్న దీవి కలదు. స్టార్మ్ పెట్రెల్ అను కడలిపక్షులు అచట నేలలో బొరియలు చేసికొని గ్రుడ్లు పెట్టును. అవి రాత్రివేళనే రాకపోకలు సాగించును. వాని జీవనమును తెలిసికొనవలెనని శాస్త్రజ్ఞులు కోరిరి. కాని మనుష్యుడు మాటిమాటికి పోయి చూచినచో పక్షి బెదరి గూటిని విడిచిపోవచ్చును. చూడకున్న తెలియదు, చూడబోయిన చెడును.

ఈ చిక్కు తీరుటకై 2002వ సంవత్సరపు వేసవిలో అచట 32 చిన్న పరికరములను నెలకొల్పిరి. అట్టి పరికరమునకు నోడు అని పేరు. అది బొరియలోని వేడిమిని, తేమను కనిపెట్టి, తీగ లేకయే రేడియో ద్వారా తెలుపును. చిన్న బ్యాటరీలే దాని ప్రాణము. 2003లో పరికరముల సంఖ్య 150కి పెరిగెను. అందు కొన్ని తమ వార్తను నేరుగా కేంద్రమునకు పంపక, ఒకదాని నుండి మరియొకదానికి అందించుచు పోయెను. ఊరిలో గడ్డివామి అంటుకొన్నపుడు జనులు బారులు తీరి, బావినుండి నీటికుండలను చేతినుండి చేతికి అందించుట లేదా? ఇదియు అట్టిదే.

ఆ వరుసలో ఒకడు సొమ్మసిల్లిన ప్రక్కవాడు చేయి చాచి, ఆవలివానికి కుండ నందించును. నోడును అట్లే చేయవలెను. బ్యాటరీ తరిగియో, నీరు చొచ్చియో ఒక నోడు మూగవోవును. బాగుచేయుటకు మనుష్యుడు పోరాదు గదా! కావున ప్రతి నోడును తన మాట వినగల పొరుగువారి పట్టికను ఉంచుకొనును. వార్తను మోయు పొరుగు నోడు పలుకుట మానిన, పట్టికనుండి వేరొకదానిని ఎన్నుకొనును. ఆజ్ఞాపించు పెద్ద ఎవ్వరును లేరు.

అయినను ఒక అపాయము కలదు. రెండు గుంపుల నడుమ ఒక్క నోడే వంతెనగా నున్నచో, అది చచ్చిన వెంటనే ఆవలి గుంపంతయు, బ్రతికియుండియు, లేనిదే యగును. దారులు పది యున్నను అన్నియు ఆ యొక్క వంతెన మీదుగనే పోయిన లాభమేమి? కావున ప్రతి నోడునకు ఒండొంటితో కలియని రెండు దారులైన నుండునట్లు వానిని అమర్చుట మేలు. లోటున్న చోట అదనపు నోడును పెట్టి, అక్కర పడువరకు నిద్రపుచ్చుటయు కలదు. కేంద్రమునకు దగ్గరగా నున్నవి అందరి బరువును మోయును గనుక, సాధారణముగా వాని బ్యాటరీలే ముందు అడుగంటును.

గ్రేట్ డక్ దీవిలో 2003లో నాలుగు నెలలు సాగిన పనిలో మరియొక వింత బయటపడెను. తమవి కాని వార్తలను సైతము ఆలకించుట చేతనే వార్తలను మోయు నోడుల బ్యాటరీలు అనుకొన్నదానికంటె త్వరగా ఉడిగిపోయెను. వార్తల నష్టమునకు మాత్రము బొరియలలోని నోడులకంటె, వాని వార్తలను కూడగట్టి తీరమునకు చేర్చు పై యంత్రముల లోపములే మిక్కిలి కారణమయ్యెను.