షీట్ పైల్ సైటులో చేరుతున్నారా? లోతు, నీరు, ఆధారం మీ బాధ్యతే

కాలువలో వంతెన పునాది, రేవులో కొత్త బెర్తు, ఏటి ఒడ్డున పంప్‌హౌస్, నీటి ఊట ఎక్కువున్న నేలలో సెల్లార్ తవ్వకం. స్టీలు షీట్ పైళ్లు ఎక్కువగా దిగేది ఇలాంటి పనుల్లోనే. డిప్లొమానో బీటెక్కో పూర్తిచేసి ఈ సైట్లలో చేరే పిల్లలు గోడ లెక్కను కాలేజీలో చదివే ఉంటారు. సైటుకు వచ్చాక మాత్రం లెక్క కంటే ముందు క్రేను అద్దె, బిల్లు గడువు, "ఇవాళ ఎన్ని మీటర్లు దించారు?" అనే ప్రశ్న ఎదురవుతాయి. ఆ తొందరలో ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో తెలియడమే ఈ ఉద్యోగంలో అసలు నైపుణ్యం.

షీట్ పైల్ గోడ నిలుస్తుందా లేదా అని తేల్చేవి మూడు: నేలలోకి దిగిన లోతు, వెనక చేరే నీటి మట్టం, పైన పట్టి ఉంచే ఆధారం. పని పూర్తయ్యాక ఈ మూడూ మట్టిలో కలిసిపోతాయి. ఆ తర్వాత వచ్చి తనిఖీ చేసేవారికి కనిపించేది పైన ఉన్న ఇనుము, దానికి వేసిన రంగు. లోపల ఏం జరిగిందో చూసి రాసి పెట్టగలిగింది ఆ రోజు సైటులో నిలబడ్డ మీరే.

లోతు తగ్గితే ఏమవుతుంది

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను సమయంలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో 17వ వీధి కాలువ వరద గోడకు గండి పడింది. గట్టులోకి స్టీలు షీట్ పైళ్లు దించి, వాటి పైభాగాన కాంక్రీటు పోసి కట్టిన గోడ అది. నీరు పైఅంచు దాటి పొర్లకముందే గోడ, దాంతోపాటు గట్టు ఊళ్లోవైపు జరిగిపోయాయి. పైళ్ల మొన సముద్ర మట్టానికి సుమారు 17.5 అడుగుల దిగువన ఆగింది. కాలువ అడుగు అంతకంటే దిగువన ఉంది. నీరు పెరిగి గోడ కాస్త వంగగానే కాలువ వైపు గోడకూ మట్టికీ మధ్య పగులు తెరుచుకుంది. నీరు ఆ పగులులోకి దిగి గోడను కిందినుంచి తోసింది. అడుగునున్న మెత్తని బంకమట్టి ఆ తోపుడుకు తట్టుకోలేదు. అదే నగరంలో లండన్ అవెన్యూ కాలువ దగ్గర ఊట పైళ్ల మొన కిందుగా ఇసుకలో దారి చేసుకుని గట్టును తినేసింది.

తర్వాత 17వ వీధి కాలువ పైళ్లను పైకి లాగి కొలిస్తే డ్రాయింగులో ఉన్న పొడవే ఉంది. సైటువాళ్లు చెప్పినట్టే కట్టారు, తప్పు లోతు నిర్ణయంలోనే జరిగింది. 1985లో అమెరికా సైన్యపు ఇంజినీర్లు చేసిన ఒక పూర్తిస్థాయి గోడ ప్రయోగం ఫలితాలను సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్లే తక్కువ లోతు చాలనుకున్నారని తర్వాతి పరిశోధకులు వివరించారు. లోతులో మిగుల్చుకున్న డబ్బు ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

మొదటి వారం చదవాల్సినవి

చేరగానే డ్రాయింగు, బోర్ లాగ్ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పైలు మొన ఏ మట్టంలో ఆగాలి, ఆ మట్టంలో ఏ మట్టి ఉంది, గోడ ముందు ఎంతవరకు తవ్వొచ్చు, రెండు వైపులా నీటి మట్టం ఎంతని అనుకున్నారు, గట్టు మీద ఎంత బరువు లెక్కలోకి తీసుకున్నారు, యాంకర్ ఏ మట్టంలో ఉంది అన్న ఆరు విషయాలు మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి. ఒక్కటి దొరక్కపోయినా డిజైనర్‌ను రాతపూర్వకంగా అడగండి.

బోరు ఏ నెలలో వేశారో కూడా చూడండి. మే నెలలో వేసిన బోరులో కనిపించిన నీటి మట్టం సెప్టెంబరులో ఉండదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పది అడుగుల దూరంలోనే ఇసుక పోయి బంకమట్టి రావచ్చు. రెండు బోర్ల మధ్య పైలు దిగే తీరు ఒక్కసారిగా మారితే అది నేల చెబుతున్న కొత్త సమాచారం. ఆ రోజే కార్యాలయానికి తెలియజేయండి.

మన ప్రమాణాల్లో ఐఎస్ 9527 మూడో భాగం రేవుల షీట్ పైల్ గోడల గురించి, ఐఎస్ 2314 షీట్ పైల్ సెక్షన్ల గురించి, ఐఎస్ 3764 తవ్వకం పనుల్లో భద్రత గురించి చెబుతాయి. గల్ఫ్, సింగపూర్ వంటి చోట్లకు వెళ్లాలనుకుంటే షీట్ పైల్ పనుల అమలుపై ఉన్న యూరప్ ప్రమాణం ఈఎన్ 12063 కూడా చదివి పెట్టుకోండి.

పైలు దించేటప్పుడు

లారీ నుంచి దించినప్పుడే, పైలును పక్క పైలుతో కలిపే ఇంటర్‌లాక్ చూడాలి. వంగిన ఇంటర్‌లాక్‌ను సుత్తితో సరిచేసి దించితే అది నేల కింద ఎక్కడో విడిపోతుంది. పైన అంతా బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం మట్టి కారే సందు మిగులుతుంది. వేడిగా రోల్ చేసిన పైళ్లతో పోలిస్తే చల్లగా వంచి చేసిన పైళ్లకు ఇంటర్‌లాక్ కాస్త వదులు, ఊట ఎక్కువ. డ్రాయింగులో ఒక రకం ఉండి సైటుకు మరో రకం వస్తే "రెండూ ఒకటేలే" అనే మాటకు ఒప్పుకోకండి. యూ ఆకారపు పైళ్ల ఇంటర్‌లాక్ గోడ మధ్య గీత మీదే పడుతుంది కనుక, జతలుగా బిగించి పంపాలని డిజైనర్ రాసి ఉంటే అది బలం కోసమే.

గైడ్ ఫ్రేమ్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. ఒక్కొక్క పైలును పూర్తి లోతుకు దించుకుంటూ పోతే వరస మొత్తం ముందుకు ఒరుగుతుంది. కొన్ని జతలను ఫ్రేములో నిలబెట్టి, దఫదఫాలుగా కొంచెం కొంచెం దించుకుంటూ వెళ్తే గోడ నిటారుగా వస్తుంది. ప్రతి జతకూ రెండు దిక్కుల నుంచి నిలువు చూడండి. నూటికి ఒకటి దాటి ఒరిగితే అక్కడే ఆగి సరిచేయడం తేలిక. ఇరవై పైళ్ల తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

నీరు నిండిన ఇసుకలో వైబ్రో హ్యామర్ బాగా పనిచేస్తుంది. గట్టి బంకమట్టిలో అది ఊగుతూ ఉంటుందే తప్ప పైలు దిగదు. అక్కడ ఇంపాక్ట్ హ్యామర్ కావాలి, లేదా ముందుగా ఆగర్‌తో మట్టిని వదులు చేయాలి. ఇంపాక్ట్ హ్యామర్‌తో పది దెబ్బలకు 25 మిల్లీమీటర్లు కూడా దిగకపోతే ఇంక కొట్టకూడదన్నది పైళ్లు తయారుచేసేవాళ్లు సాధారణంగా చెప్పే హద్దు. ఇంకా కొడితే తల నలుగుతుంది, మొన దగ్గర ఇంటర్‌లాక్ చీలుతుంది.

ఇక్కడే సైటులో అసలు పరీక్ష ఎదురవుతుంది. పైలు అనుకున్న మట్టానికి మీటరున్నర పైనే ఆగిపోతుంది. "మిగిలింది కోసేసి రాసుకోండి" అని ఎవరో అంటారు. కోయొద్దు. ఆగిన మట్టం, దెబ్బల లెక్క, పక్క పైళ్ల వివరం రాసి డిజైనర్‌కు పంపండి. ఆ లోతు చాలునో చాలదో తేల్చాల్సింది ఆయనే. జవాబు వచ్చేదాకా ఆ పైలు తల అలాగే ఉండనివ్వండి.

నీటి లెక్క

గోడకు రెండు వైపులా నీటి మట్టంలో ఒక మీటరు తేడా ఉంటే, ప్రతి చదరపు మీటరు మీద సుమారు ఒక టన్ను అదనపు ఒత్తిడి పడుతుంది. చాలా గోడలు మట్టి బరువుకు కాదు, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ నీటికే ఒరుగుతాయి.

నదీ తీరంలో గోడకు గడ్డుకాలం వరద పెరిగేటప్పుడు కాదు, తీసేటప్పుడు. ఏటిలో నీరు గబగబా దిగిపోతుంది, గోడ వెనక మట్టిలో నీరు అంత వేగంగా దిగదు. సముద్ర తీరంలో ప్రతి ఆటుకూ చిన్న స్థాయిలో ఇదే జరుగుతుంది. అందుకే గోడ వెనక నీరు ఇట్టే దిగే ఇసుక లేదా కంకర నింపాలి. నీరు పోయే రంధ్రాల వెనక ఫిల్టర్ గుడ్డ ఉండాలి, లేకపోతే నీటితోపాటు మట్టి కూడా పోయి గట్టు మీద గుంట పడుతుంది. దగ్గర్లో దొరుకుతోందని నల్లరేగడి నింపితే నీరు నిలవడమే కాదు, తడిసి ఉబ్బి గోడను ముందుకు తోస్తుంది.

కాఫర్‌డ్యామ్ (నీటిలో పనిచోటు చుట్టూ కట్టే తాత్కాలిక గోడ) లోపల నీరు తోడేటప్పుడు మోటారు గొట్టంలో వచ్చే నీటి రంగు చూస్తూ ఉండండి. తేట నీరు వస్తే ఊట. ఇసుకతో వస్తే, అడుగున బుడగలు లేస్తే, బుంగ పడుతోందని అర్థం. వెంటనే మనుషులను పైకి పిలవండి, తోడటం ఆపండి, లోపలికి నీరు తిరిగి నింపి రెండు వైపులా మట్టం సమం చేయండి. ఇంకో మోటారు పెట్టి తోడితే బుంగ ఇంకా పెద్దదవుతుంది.

తవ్వకం, ఆధారం

యాంకర్ లేని గోడ కంచె రాట లాంటిది, పాతిన లోతు మీదే నిలబడాలి. ఇది సాధారణంగా నాలుగైదు మీటర్ల ఎత్తు వరకే సరిపోతుంది. దీనిలో పడే వంపు బలం ఎత్తు ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. నాలుగు మీటర్లకు లెక్కించిన గోడ ముందు ఇంకో అర మీటరు తవ్వితే ఆ బలం సుమారు 40 శాతం పెరుగుతుంది, మొనను పట్టుకునే మట్టి కూడా అదే అర మీటరు తగ్గుతుంది. అనుకోని తవ్వకానికి యూరప్ డిజైన్ పద్ధతి ఎత్తులో పదో వంతు, గరిష్ఠంగా అర మీటరు, ముందే కలుపుకుంటుంది. అది పొరపాటుకు ఉంచిన జాగా. పనికి వాడుకోవడానికి కాదు. గోడ ముందు ప్రొక్లెయినర్ దిగే ముందు లెవెల్ గుర్తు రంగుతో గోడ మీదే గీయించండి.

యాంకర్ దిమ్మె గోడకు దగ్గరగా ఉంటే, గోడతోపాటు జారే మట్టిలోనే అది కూడా ఉండి ఏ ఆధారమూ ఇవ్వదు. అడ్డొచ్చిందని దిమ్మెను ముందుకు జరపడం చిన్న మార్పులా కనిపిస్తుంది, నిజానికి గోడ లెక్కే మారిపోతుంది. దిమ్మె ముందున్న మట్టి గట్టిపడ్డాకే, గోడను దిమ్మెకు కలిపే టై రాడ్ బిగించాలి. రాడ్ కింద పూడిక కుంగితే రాడ్ వంగి అదనపు బలం పడుతుంది కనుక దాన్ని గొట్టంలోంచి తీసుకెళ్లడం మంచిది. తవ్విన మట్టిని గోడ అంచున పోయనివ్వకండి. ఒక మీటరు ఎత్తు మట్టికుప్ప చదరపు మీటరుకు సుమారు 1.8 టన్నులు.

సముద్రం ముందు

నిటారు గోడ అలను మింగదు, తిప్పి కొడుతుంది. ఆ దెబ్బకు గోడ ముందున్న ఇసుక లేచిపోయి, మొన దగ్గర మట్టం ఏటేటా దిగుతుంది. రాళ్ల పరుపు వేయకపోతే కొన్నేళ్లకు గోడ లోతు సగమే మిగలొచ్చు. గోడ ఆగిపోయిన చోట పక్క నేల మరింత వేగంగా కోతకు గురవుతుంది కనుక చివరలను లోపలికి మలిచి కట్టాలి. తుఫాన్లకు పదేపదే దెబ్బతినే కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు లాంటి తీరంలో ఒక ముక్క గోడ చాలదు. ఇసుక ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది తేలాకే ఏ రక్షణ అయినా కుదురుతుంది.

తుప్పు కూడా చోటును బట్టి మారుతుంది. సమశీతోష్ణ దేశాల కోసం యూరప్ కోడ్ ఇచ్చిన పట్టికలో 50 ఏళ్లకు సముద్రపు నీరు చిందే భాగంలో ఒక్కో ముఖానికి 3.75 మిల్లీమీటర్లు, ఎప్పుడూ మునిగి ఉండే భాగంలో 1.75 మిల్లీమీటర్లు పోతుందని ఉంది. మన వేడి తీరాలకు దాన్ని యథాతథంగా వాడకూడదు. రంగు పూత ఎక్కువ శ్రద్ధగా వేయాల్సింది నీరు చిందే మట్టంలో. క్రేను గొలుసుకు గీసుకుపోయిన చోట దించకముందే మళ్లీ పూయించండి.

మనుషులు ముందు

ఇంటర్‌లాక్ కలపడానికి మనిషిని పైలు తలమీదకు ఎక్కించడం ఇంకా కొన్ని సైట్లలో కనిపిస్తుంది. దానికి థ్రెడర్ పరికరం ఉంది, అడిగి తెప్పించండి. వేలాడే పైలుకు తాడు కట్టి దూరం నుంచి తిప్పాలి. గాలి ఎక్కువైతే ఎత్తడం ఆపాలి. నీటి అంచున లైఫ్ జాకెట్, హ్యామర్ దగ్గర చెవులకు రక్షణ తప్పనిసరి. పక్కన పాత ఇళ్లుంటే పని మొదలవకముందే గోడల పగుళ్లు ఫొటో తీయించండి. తాత్కాలిక పైళ్లు పైకి లాగితే మిగిలే ఖాళీ ఆ ఇళ్ల పునాదులను కుంగదీయవచ్చని కూడా గుర్తుంచుకోండి.

2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే దగ్గర మెట్రో తవ్వకం కూలి నలుగురు మరణించారు. అక్కడున్నది షీట్ పైల్ గోడ కాదు, కాంక్రీటు డయాఫ్రమ్ వాల్. గోడల మధ్య అడ్డంగా పెట్టిన స్ట్రట్లు, గోడ వెంట సాగే వేలర్ దూలానికి కలిసే చోటు బలం చాలక గోడ కూలింది. అంతకుముందే గోడ కదలిక రీడింగులు హద్దు దాటాయి, ఆ ఉదయం చప్పుళ్లూ వినిపించాయి. గోడ ఏదైనా పాఠం ఒక్కటే. రోజూ ఒకే సమయానికి గోడ తల కదలిక కొలవండి. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ, ఇవాళ్టి కంటే రేపు ఇంకా ఎక్కువ అవుతుంటే, హద్దు దాటకపోయినా తవ్వకం ఆపించి చెప్పండి.

మీ పేరు నిలబెట్టేది రికార్డే

ప్రతి పైలుకూ నంబరు, పొడవు, మొన మట్టం, దిగిన సమయం, దెబ్బల లెక్క, నిలువు రాసిన రిజిస్టరు మీ చేతిలో ఉంటే ఏ ఇంటర్వ్యూలోనైనా ధైర్యంగా మాట్లాడగలరు. చూసిందే రాయండి. దిగని లోతుకు సంతకం పెట్టమని ఒత్తిడి వస్తే, మర్యాదగానే, "సార్, ఆగిన మట్టమే రాస్తాను, డిజైనర్ ఒప్పుకుంటే ఆ ఉత్తరం జతచేస్తాను" అని చెప్పండి. ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడే ఇంజినీరు చేతిలోనే గోడ వెనక నివసించేవాళ్ల భద్రత ఉంది.