బ్రెజిలు మిరియపు చెట్టు: రైతులు గమనింపవలసిన సంగతులు

ఏడాది పొడవునను పచ్చగా నుండి ఎఱ్ఱని కాయల గుత్తులతో కన్నుల కింపైన చెట్టును చూచినపుడు, దానిని చేని గట్టునను దొడ్డిలోను నాటవలెనని తోచుట సహజము. బ్రెజిలు మిరియపు చెట్టు అట్టిది. నాటుటకు పూర్వము దాని గుణదోషములు రెండును తెలిసికొనుట రైతులకు క్షేమము.

లక్షణములు.- ఇది పేరునకు మాత్రమే మిరియము. నిజమైన మిరియములు తీగకు కాయును. ఇది మామిడి, జీడిమామిడుల కుటుంబమునకు చేరిన చెట్టు. దీని జన్మభూమి దక్షిణ అమెరికాలోని బ్రెజిలు, దాని పొరుగు దేశములు. సాధారణముగా 15 మొదలు 30 అడుగుల యెత్తు పెరిగి, మొదటినుండియే కొమ్మలు వేసి గుబురుగా అల్లుకొనును. ఒక్కొక్క ఈనెకు తఱచుగా 7 చిన్న ఆకులుండును. నలిపినచో ఘాటైన వాసన కొట్టును. ఆడ చెట్లును మగ చెట్లును వేఱువేఱు. కాయలు ఆడ చెట్లకే కాయును. ఎండిన కాయలను కొన్ని దేశములలో మసాలా దినుసుగా వాడుదురు. కాని దీని పాలు, జీడివలెనే, కొందఱి శరీరమున దురదను పొక్కులను కలిగించును.

పెంపకము.- ఎండ తగిలినచో చాలును. ఎట్టి నేలయందైనను పెరుగును. నీరు నిలుచు పల్లమును, కొంత ఉప్పును, ఒకసారి వేళ్లూనిన పిదప వర్షాభావమును సహించును. గట్టి మంచునకు మాత్రము తాళలేదు. విత్తులు సులభముగా మొలచును. సుమారు మూడేండ్లలో కాపు ప్రారంభమగును.

వ్యాపించు విధము.- ఇంత సులభముగా పెరుగుటయే దీని దోషము. పక్షులు కాయలను తిని విత్తులను దూరమునకు చేర్చును. దట్టమైన నీడలో ఇతర మొక్కలు బ్రతుకజాలవు. అమెరికాలోని ఫ్లోరిడాకు 19వ శతాబ్దమున దీనిని అలంకారార్థము కొనిపోయిరి. అచ్చటి ఎవర్‌గ్లేడ్సు జాతీయవనములో రాతిని పగులదున్ని ఎరువులు వేసి సాగుచేసిన భూములు 1975వ సంవత్సరమున బీడుపడగా, ఈ చెట్టు వేలకొలది ఎకరముల నాక్రమించెను. కొట్టిన మోడులు మరల చిగిర్చినవి. తుదకు యంత్రములతో చెట్లనే గాక మట్టిని సైతము అడుగు రాతివఱకు గీకి తొలగింపవలసి వచ్చెను. ఇప్పుడు ఆ రాష్ట్రమున దీనిని అమ్ముటయు నాటుటయు నిషిద్ధము.

ఇట్టి అనుభవము తెలుగు రైతులకు క్రొత్త కాదు. 19వ శతాబ్దపు చివర, వంటచెఱకు కొఱకై కడప మండలమున నాటబడిన సర్కారు తుమ్మ నేడు చెఱువులను బీళ్లను ఎట్లాక్రమించినదో వారెఱుగుదురు.

రైతులు చేయవలసినది.- అందమును చూచి ఈ చెట్టును గట్లపై నాటరాదు. నీడకును పచ్చిరొట్టకును కానుగ, వేప. కంచెకు గోరింట, వావిలి చాలును. ఇదివఱకే యున్నచో కాయలు పండకముందే ఆడ చెట్టును తీసివేయవలెను. లేత మొక్కలను తడినేలలో వేళ్లతో పెకలింపవచ్చును. పెద్ద చెట్టును కొట్టి విడువక మోడును త్రవ్వి తీయవలెను. పనివాండ్రు చేతులను, ఒడలిని గుడ్డతో కప్పుకొనవలెను. దీని విత్తులు నేలలో కొద్ది నెలలకంటె ఎక్కువ కాలము బ్రతుకవు. కావున ఒకటి రెండు వర్షకాలములు జాగ్రత్తగా కనిపెట్టి మొలకలను తీసివేసినచో, చుట్టుప్రక్కల వేఱు చెట్టు లేనంతవఱకు పొలము శుభ్రమగును. గట్టుపై నొక్క మొక్కను పెకలించుట గడియ పని. బీడునిండ అల్లుకొన్న పిదప అది తరతరముల పని యగును.