నరమామిడిని గుర్తుపట్టగలవారు కావాలి: అరుదైన మొక్కల సంరక్షణలో చదువులు, కొలువులు

అగరుబత్తి పుల్లకు పొడి అంటుకుని నిలిచేందుకు వాడే జిగట పదార్థాలలో నరమామిడి బెరడు పొడి ఒకటి. మన్యంలో గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసిన అటవీ ఫలసాయంలో ఈ బెరడు కూడా ఉంది. కొమ్మల నుంచి కొంత బెరడు తీస్తే చెట్టు కోలుకుంటుంది గానీ, మాను చుట్టూ వలయంగా ఒలిచేస్తే ఆకులు తయారుచేసిన ఆహారాన్ని వేళ్లకు చేరవేసే పోషక కణజాలం తెగిపోయి, కొన్నాళ్లు పచ్చగా కనిపించిన చెట్టు కూడా చివరకు నిలువునా ఎండిపోతుంది. రక్తపోటు మందు రెసర్పిన్‌కు మూలమైన సర్పగంధిని వేరుతో సహా పెకలిస్తారు. అడవినాభిని దుంప కోసం తవ్వుతారు. సీతంపేట, పాలకొండ కొండవాలులలో కొన్నిచోట్ల అడవి స్థానంలోకి జీడిమామిడి తోటలు వచ్చాయి. ఒక్కో మొక్క తరిగిపోవడానికి ఒక్కో కారణం ఉన్నందువల్ల దానిని కాపాడే పని కూడా ఒకే ఉద్యోగంలో ఇమడదు.

ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థికి మూడు మాటల మధ్య తేడా ముందుగా తెలియాలి. తక్కువ సంఖ్యలో మాత్రమే కనిపించేది అరుదైన జాతి. సంఖ్య తగ్గుతూ తుడిచిపెట్టుకుపోయే దశకు చేరుతున్నది ఆపన్న జాతి. శేషాచలం కొండల తెల్లకరక లాగా ఒక పరిమిత ప్రాంతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగనిది స్థానీయ జాతి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 1964లో మొదలుపెట్టిన ఎర్ర జాబితా జాతులను ప్రపంచ స్థాయిలో తూచి వర్గీకరిస్తుంది. నరమామిడి ఆసియాలో విస్తారంగా పెరిగేదే కాబట్టి, ఆ తూకంలో అది తేలిపోవచ్చు. అయితే ఇక్కడి కొండ మీద అది మిగిలిందా లేదా అన్నది ఇక్కడ నడిచి లెక్కపెట్టినవారే చెప్పగలరు. ఆ లెక్కకు గుర్తుపట్టే నేర్పు కావాలి. వృక్షశాస్త్రంలో పట్టాలు ఉన్నవారు ఎందరో ఉన్నా, ఆ నేర్పు ఉన్నవారు బాగా తక్కువ.

దానికి ఆధార గ్రంథాలు లేకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలపై గాంబుల్ ప్రారంభించిన గ్రంథం, రోళ్ల శేషగిరిరావు, హర శ్రీరాములు కలిసి 1986లో వెలువరించిన శ్రీకాకుళం జిల్లా వృక్షజాల గ్రంథం నేటికీ పనికివచ్చేవే. అయితే ఆ పుస్తకాలు చదవడం కూడా హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం, ద్వారానే వంటబడుతుంది. పువ్వో కాయో ఉన్న రెమ్మను కోసి, పాత వార్తాపత్రికల మధ్య పరచి, ఒక ఆకు వెనుకవైపు కనిపించేలా తిప్పి, బరువు కింద నొక్కిపెట్టి, కాగితాలు రోజూ మారుస్తూ ఎండనిచ్చి, సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల అట్టపై కుడతారు. ఎండితే పువ్వు రంగు పోతుంది, వాసన పోతుంది, చెట్టు ఎత్తు ఎలాగూ అట్ట మీదికి రాదు కనుక వీటిని కోసిన చోటనే రాసుకోవాలి. నాలుగే మొక్కలు మిగిలిన జాతి అయితే కోయకుండా ఫొటోతో సరిపెట్టుకోవడమే మర్యాద. సవర, జాతాపు పెద్దలు చెప్పే పేరును కూడా చీటీలో రాయాలి. తల్లిదండ్రుల వెంట అడవికి వెళ్లి పెరిగిన గిరిజన విద్యార్థులకు ఈ పేర్లు సహజంగానే తెలిసి ఉంటాయి. దరఖాస్తు ఫారాలలో ఆ జ్ఞానానికి గడి లేకపోవడం ఫారాల లోపమే.

గుర్తుపట్టిన తరవాతి పని విత్తనాలది. ఢిల్లీలోని జాతీయ జన్యు నిధిలో బాగా ఆరబెట్టిన విత్తనాలను మైనస్ 18 డిగ్రీల వద్ద దీర్ఘకాలం నిల్వ చేస్తారు. ఆరబెడితే చచ్చిపోయే విత్తనాలకు ఈ పద్ధతి పనికిరాదు. ఉత్తరాంధ్ర కొండలను దక్షిణపు అంచుగా చేసుకుని పెరిగే గుగ్గిలం, అంటే సాలవృక్షం, అటువంటిదే. రాలిన కొద్ది రోజులలోనే దాని గింజ మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. అటువంటి జాతులకు నర్సరీ, కణజాల వర్ధనం, లేదా అడవిలోనే కాపాడుకోవడం తప్ప దారి లేదు.

చదువుల విషయానికి వస్తే, ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో వృక్షశాస్త్రం లేదా అటవీశాస్త్రం, ఆపైన పీజీ అన్నది సాధారణ మార్గం. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉత్తరాంధ్ర జిల్లాలకు దగ్గర. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించినవారికి 2023 నుంచి నెలకు రూ.37,000 ఫెలోషిప్ అందుతోంది. వర్గీకరణ పరిశోధనకు 1890లో ఏర్పడిన భారత వృక్ష సర్వేక్షణ సంస్థకూ, అటవీ జాతుల పరిశోధనకు అటవీ జీవవైవిధ్య సంస్థకూ హైదరాబాద్‌లో కేంద్రాలు ఉన్నాయి. ఏపీపీఎస్సీ ద్వారా బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్ కొలువులకు వెళ్లదలచినవారు రాతపరీక్షతోపాటు నాలుగు గంటలలో పురుషులు 25, మహిళలు 16 కిలోమీటర్లు నడవవలసి ఉంటుంది. కొండప్రాంతాల పిల్లలకు అది పెద్ద లెక్క కాదు.

తక్కువమంది దృష్టికి వచ్చే అవకాశం జీవవైవిధ్య చట్టం, 2002 కల్పించినది. ఈ చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడి, ఊరి మొక్కలు, జంతువులు, వాటిపై ప్రజలకు ఉన్న జ్ఞానాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టడంతో ఈ పని దేశమంతటా ఊపందుకుంది. గడువు కోసం రాసిన జాబితా, నాలుగు రుతువులు తిరిగి రాసిన జాబితా ఒకటి కావు. గడువు కోసం రాసినవాటిని సరిదిద్దేందుకు స్థానికంగా మొక్కలు తెలిసినవారు కావాలి. పరిశ్రమలు, రహదారుల పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సంస్థలకూ వీరే అవసరం. ఈ కొలువులలో చాలావరకు ఒప్పంద ప్రాతిపదికవే, ప్రాజెక్టుతోపాటు జీతమూ ఆగిపోతుంది. కాబట్టి పోటీ పరీక్షల సన్నద్ధతను పూర్తిగా వదులుకోవడం తెలివైన పని కాదు.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న విద్యార్థి ఊరికి దగ్గరలోని ఒకే కొండను ఎంచుకుని, వానలు పడ్డాక ఒకసారి, చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి ఎక్కి, పూసిన ప్రతి మొక్కకూ అటవీశాఖ అనుమతితో ఒక హెర్బేరియం అట్ట తయారుచేస్తే, మూడేళ్లలో ఇంటర్వ్యూ బల్ల మీద పెట్టడానికి మార్కుల పత్రంతోపాటు ఒక కట్ట కూడా ఉంటుంది.